ఎయిర్‌క్లీనర్ పీకకురా చిన్నా

శృంగవరపుకోట

చిరంజీవి చిన్నబాబును పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చూశాను. జీపు నల్లపొగ కక్కుతోందనీ, కటికి జలపాతం రూట్లో ఎత్తు ఎక్కలేక ఈడుస్తోందనీ, ఎయిర్‌క్లీనర్ పీకేసి నడిపితే పికప్ వస్తుందని మెకానిక్ చెప్పాడనీ రాశావు. అది చదివాక అన్నం సయించలేదు. ఒకవేళ పీకేసి ఉంటే ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని ముందు వెళ్లి బిగించిరా. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

జలుబు చేసిందని ముక్కు కోసుకుంటామట్రా? నీ ఎంఎం 540లో ఉన్నది 2,112 సీసీ ప్యూజో ఇంజిను. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే సుమారు 2,000 లీటర్ల గాలి లాగుతుంది. బొర్రా నుంచి కటికి దాకా ఆ మట్టిబాటలో, ముందుపోయే జీపు లేపిన దుమ్ములో, అది ఎలాంటి గాలో నీకు చెప్పాలా? దుమ్ములోని ఇసుక పిస్టన్ రింగులకీ సిలిండరు గోడకీ మధ్య దూరి గీకేస్తుంది. కంప్రెషన్ పోతుంది, బండి ఆయిల్ తాగుతుంది, నీలిపొగ మొదలవుతుంది. ఇక బోరు పని చేయించాల్సిందే. వాయిదాలు కట్టుకుంటున్నవాడివి, ఆ ఖర్చు నీకెందుకు నాయనా?

నల్లపొగంటే చాలాసార్లు డీజిలుకి తగ్గ గాలి అందట్లేదనే. కాబట్టి క్లీనరు విప్పి చూడు. నీ బండిది పాతకాలపు ఆయిల్ బాత్. గాలి కిందికి దిగి, గిన్నెలో ఆయిల్ దగ్గర గిరుక్కున పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము ఆ మలుపు తిరగలేక ఆయిల్లో పడుతుంది. మిగిలింది ఆయిల్ తడిసిన తీగల జాలీలో చిక్కుతుంది. మార్చడానికి కొత్తది కొనక్కర్లేదు, కడిగితే చాలు.

ఇంజిను ఆపి చల్లారనివ్వు. గిన్నె దించి పాత ఆయిల్ పారబోసి, అడుగున వేలు పెట్టి చూడు. నల్లటి బంక తగిలితే గీకి తీసెయ్యి. ఆయిల్ పాలలా తెల్లబడిందంటే నీళ్లు చేరాయన్నమాట. జాలీని డీజిల్లో జాడించి బోర్లించు, చుక్క కారడం ఆగేదాకా ముట్టుకోకు. పెట్రోలు జోలికి పోకు. తర్వాత ఇంజిన్ ఆయిలే గిన్నెలో గీత దాకా పొయ్యి. తక్కువైతే దుమ్ము ఆగదు. గీత దాటితే?

దాటితే ఏమవుతుందో కళ్లారా చూశాను. నేను కోటలో షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజులు. మీ నాన్న అప్పటికి నిక్కర్లేసుకు తిరిగేవాడు. ఒక కలప కాంట్రాక్టరు డ్రైవరు, ఎక్కువ పోస్తే మంచిదనుకుని గిన్నె నిండా ఆయిల్ నింపాడు. స్టార్ట్ చేసి రేస్ చేసేసరికి ఇంజిను ఆ ఆయిల్ లాక్కుని దాన్నే కాల్చుకుంటూ గీపెట్టడం మొదలెట్టింది. స్టాప్ లాగినా ఆగదే! అందరం తలో దిక్కూ పరుగు. మా గురువుగారు మాత్రం కూర్చున్న పీట తీసి, గాలి పీల్చే మూతికి అడ్డంపెట్టి అదిమేశారు. చచ్చినట్టు ఆగింది. నువ్వెప్పుడూ అక్కడ చెయ్యి పెట్టకు సుమా. గురువుగారు చెమటైనా తుడుచుకోకుండా టీ చెప్పమన్నారు. మీ పెద్దమ్మ సంబంధం తెచ్చిందీ ఆయనే. అన్నట్టు గరివిడి వాళ్లు మళ్లీ కబురు పెట్టారు, పిల్ల నర్సింగ్ చదివింది. ఆలోచించుకో. సరే, గొట్టం సంగతి మర్చిపోయేలా ఉన్నాను.

క్లీనరు నుంచి ఇంజినుకెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి, లోపల తెల్లగుడ్డతో తుడువు. మట్టి అంటిందంటే గొట్టం పగిలో, క్లిప్పు వదులయ్యో, గిన్నె వాషరు చచ్చో దుమ్ము దొంగదారిన పోతోందన్నమాట. అది సరిచెయ్యకుండా జాలీ ఎంత కడిగినా దండగే. డిసెంబరు సీజన్లో రోజూ రాత్రి ఒకసారి గిన్నె చూసుకో. ముందు జీపు దుమ్ము అణిగాకే కదులు. నువ్వూ ముక్కుకి తుండు కట్టుకో నాన్నా, చిన్నప్పటి ఆయాసం మర్చిపోకు. సాయంత్రం మెడలో మఫ్లరు తియ్యకు.

మీ నాన్న బొలెరోకి ఈ కడుగుడు పనికిరాదని చెప్పు. దానిది కాగితం ఫిల్టరు. నీళ్లు తగిలినా, కంప్రెసరు గాలి గట్టిగా కొట్టినా పాడవుతుంది. మాసిపోతే మార్చెయ్యడమే.

ఇవన్నీ చేశాక కూడా నల్లపొగ తగ్గకపోతే ఇంజెక్టర్లు చూపించు. వచ్చే ఆదివారం కిరండూల్ పాసింజరెక్కి బొర్రాలో నేనే దిగుతున్నాను. పెద్దమ్మ అరిసెలు వండుతోంది. తెల్లగుడ్డ నేనే తెస్తాను. గొట్టంలో పెట్టి తీస్తే అది మాసిందా, అరిసెలు అదే బండిలో తిరిగి కోటకొచ్చేస్తాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న