విత్తని కూరలు - రక్తహీనత

తొలకరి పడిన రెండు వారాలకు చేలల్లో, గట్ల మీద ఎవరూ విత్తని కూరలు మొలుస్తాయి. జహీరాబాద్ వైపు పల్లెల్లో కలుపు తీస్తూనే దొగ్గలి, చెంచలి, గంగవావిలి, పొన్నగంటి, తుమ్మి కూరలు ఒడిలో వేసుకొని ఇంటికి తెచ్చే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. చాలా ఇండ్లలో మాత్రం "అవి లేనోళ్ళ కూరలు" అని పిల్లలకు పెట్టడం మానేశారు. డబ్బులిచ్చి టానిక్కు సీసా కొంటారు, గట్టు మీది కూరను మాత్రం పశువులకు వేస్తారు!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 58 మందికి తెలంగాణలో, 59 మందికి ఆంధ్రప్రదేశ్‌లో రక్తహీనత ఉన్నది. ఈ కూరల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం, కంటి చూపుకు అవసరమైన కెరోటిన్ ఉన్నాయి. గంగవావిలిలో (కొందరు గంగపాయల అంటారు) ఒమేగా-3 జాతి కొవ్వు కూడా ఉన్నది. ఆకుకూరల్లో ఇది ఇంతగా దొరకడం అరుదు.

అయితే ఆకులోని ఇనుములో కొంచెమే ఒంటికి పడుతుంది. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. కాబట్టి కూర దించిన తరువాత నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది. భోజనం తరువాత ఒక జామకాయ తిన్నా మంచిదే. నూనెతో తాలింపు పెడితే కెరోటిన్ బాగా పడుతుంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ, కాఫీ తాగవద్దు. మన ఇండ్లలో అన్నం తినగానే టీ తాగే అలవాటు ఈ కూరల మేలును సగంలోనే ఆపేస్తుంది.

గర్భిణీ స్త్రీలకు ఒక ముఖ్యమైన మాట. "కూర తింటున్నాం కదా, మాత్రలెందుకు సిస్టర్?" అని మమ్మల్ని అడుగుతుంటారు. గర్భంలో కావలసినంత ఇనుము కూర ఒక్కటే ఇవ్వలేదు. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్న మాత్రను నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు వేసుకోవాలి. విరేచనం నల్లగా అయితే భయపడి మానేయవద్దు. కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవద్దు.

మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవారు గంగవావిలి, దొగ్గలి తగ్గించాలి. వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. తినాలనిపిస్తే ఉడికించి నీళ్ళు వార్చేయండి. మిగిలినవారు ఆ నీళ్ళు పారబోయవద్దు, విటమిన్లు పోతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు, వార్ఫరిన్ మాత్ర వాడేవారు డాక్టరుగారిని అడగండి.

ఏరేచోటు కూడా చూసుకోవాలి. కలుపు మందు, పురుగు మందు కొట్టిన చేలల్లో, ముఖ్యంగా పత్తి చేలల్లో, మురుగు కాలువ పక్కన ఏరవద్దు. ఎంత కడిగినా మందు పూర్తిగా పోదు. తెలియని ఆకు ఒక్కటి కూడా వేయవద్దు. ఇంట్లో అత్తగారికో, అమ్మమ్మకో చూపించండి. పిల్లలను ఒంటరిగా ఏరడానికి పంపవద్దు. ఉమ్మెత్త లేతగా ఉన్నప్పుడు కూరాకులో కలిసిపోతుంది. అది తింటే నోరు ఎండిపోతుంది, కనుపాపలు పెద్దవవుతాయి, చూపు మసకబారుతుంది, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని రండి. మిగిలిన ఆకు, వండిన కూర కూడా కొంచెం వెంట తెండి. ఏ మొక్కో తెలిస్తే చికిత్స చేయడం సులభం.