పడవలలోని బ్యాటరీలకు తగిన తీగెలు

గోదావరి లంకలలోను, కొల్లేటి గ్రామములలోను, సముద్రతీరపు పల్లెలలోను పడవ నేటికిని నిత్యావసర సాధనమే. తెడ్డు, గడ, తెరచాపలతో నడచిన పడవలకు ఇంజనులు అమరినవి; దీపములు, వైర్‌లెస్ యంత్రములు, అడుగున చేరిన నీటిని తోడు పంపులు వచ్చినవి. వీనికి ఆధారము బ్యాటరీ. బ్యాటరీ కొనునపుడు పదిమందిని విచారింతుము గాని, దాని నుండి విద్యుత్తును కొనిపోవు తీగెను గూర్చి యోచింపము. ఇంటిపనిలో మిగిలిన ముక్కనే తగిలింతుము. ఏటి నడుమ దీపము మసకబారుటకు, ఇంజను కదలకపోవుటకు, ఒక్కొక్కప్పుడు పడవ అంటుకొనుటకు సైతము ఈ తీగెయే కారణము కావచ్చును. కావున రేవులు గల గ్రామముల పంచాయతీ సభ్యులకు ఉపయోగపడునట్లు ఈ విషయమును ఇచట వివరింపదలచితిమి.

మందము ఎంత ఉండవలెను?

ఇండ్లలోని విద్యుత్తు 230 ఓల్టులది. పడవ బ్యాటరీ సాధారణముగా 12 ఓల్టులది. 120 వాట్ల పనికి ఇంటిలో సుమారు అర ఆంపియరు చాలును; పడవలో 10 ఆంపియర్లు కావలెను. సన్నని బోదెతో పెద్ద ఆయకట్టును తడుపజూచిన చివరి మడికి నీరందదు. సన్నని తీగెలో హెచ్చు విద్యుత్తును పంపినను అంతియే. పైగా, దారిలో నశించిన శక్తి వేడిగా మారి తీగె పైతొడుగును కరగించును.

లెక్క కష్టమైనది కాదు. విద్యుత్తు పోయి మరల రావలెను గనుక రాకపోకల పొడవును మీటర్లలో కొలిచి, దానిని ఆంపియర్లతోను, 0.0175 తోను గుణించి, రాగి తీగె కోత వైశాల్యమగు చదరపు మిల్లీమీటర్లతో భాగింపవలెను. వచ్చినది దారిలో నష్టపోవు ఓల్టుల సంఖ్య.

బ్యాటరీకి 6 మీటర్ల దూరమున 10 ఆంపియర్ల దీపములున్నవనుకొందము. రాకపోకల పొడవు 12 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగె వేసినచో 1.4 ఓల్టులు, అనగా నూటికి సుమారు 12 పాళ్లు నశించును. 6 చదరపు మిల్లీమీటర్ల తీగె వేసినచో నష్టము 0.35 ఓల్టు మాత్రమే. ముఖ్యమైన దీపములకు, పంపులకు నష్టము నూటికి 3 పాళ్లు మించకుండుట మేలు.

ఇంజనును కదలించు స్టార్టరు సంగతి వేరు. అది కొద్ది క్షణములే పనిచేసినను వందల ఆంపియర్లు లాగుకొనును. 200 ఆంపియర్లు, రాకపోకలకు 4 మీటర్లు అయినచో, 16 చదరపు మిల్లీమీటర్ల కేబులులో 0.88 ఓల్టు, 50 చదరపు మిల్లీమీటర్ల కేబులులో 0.28 ఓల్టు నశించును. కావున బ్యాటరీని ఇంజనుకు చేరువగా నుంచి, లావు కేబులు వేయవలెను.

రకము, అమరిక

ఒంటి పోగు తీగె ఇంజను అదురుపాటునకు విరిగిపోవును. అనేకమైన సన్నని పోగులు గల రాగి కేబులే పడవకు తగినది. ఉప్పుగాలి తగులు చోట పోగులకు తగరపు పూత ఉండుట అవసరము. లేనిచో రాగి నల్లబడి చిలుమెక్కును. అల్యూమినియము తీగె పడవకు పనికిరాదు. కొనల యందు పోగులను మెలిపెట్టి చుట్టుటకు మారుగా, తగిన కొలత గల లగ్గులను పనిముట్టుతో గట్టిగా నొక్కించవలెను.

దీపములకు, పంపులకు పోవు తీగెకు బ్యాటరీ ధనధ్రువము నుండి జానెడు దూరములోపుననే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు రక్షించునది ప్రధానముగా తీగెను. కావున తీగె మోయగల ఆంపియర్లకు మించిన ఫ్యూజు వేయరాదు. ఫ్యూజు పోయినపుడు దాని స్థానమున రాగి పోగు చుట్టుట పడవకు నిప్పు పెట్టుటతో సమానము. బ్యాటరీ ఛార్జి అగునపుడు మండెడి వాయువు వెలువడును గనుక దానికి గాలి ఆడు చోటు కల్పింపవలెను.

సభ్యుల కర్తవ్యము

రేవు పడవ మరమ్మతుల బిల్లును ఆమోదించుటకు ముందు సభ్యులు ఈ నాలుగు ప్రశ్నలు వేయవలెను: తీగె మందమెంత? పోగుల రాగియేనా? ఫ్యూజు ఎచట నున్నది? కొనలు బిగువుగా నున్నవా? లావు తీగెకు కొంత సొమ్ము హెచ్చుగా వ్యయమగుట నిజమే. కాని చీకటివేళ ఏరు దాటు పిల్లలు, రోగులు, కూలివారు ఆ పడవనే నమ్ముకొని ఎక్కుచున్నారని మనము మరువరాదు.