పన్నును నిలుపు నేల

మలక్‌పేట దాటి ముందునకు సాగినచో సైదాబాదు వచ్చును. అచ్చట నివసించు ఒక తాతగారిని మనము ఊహించుకొందము. ఆయనకు డెబ్బది యేండ్లు. క్రింది దవడలో రెండు పండ్లు ఊడిపోగా, వైద్యుడు దవడ ఎముకలో రెండు చిన్న లోహపు మరలను అమర్చి, వానిపై పింగాణి పండ్లను బిగించెను. ఇట్టి అమరికను ఇంప్లాంటు అందురు. తాతగారు మరల జొన్నరొట్టె నమలి తినగలిగిరి.

అయితే సంతోషముతోపాటు కొంత అలసత్వము కూడ వచ్చెను. ఒకనాడు మనుమరాలు చూచి, “తాతయ్యా! ఆ రెండు పండ్లను తోముకొనరేమి?” అని అడిగెను.

“పిచ్చితల్లీ! అవి లోహమున నాటిన పండ్లు. లోహమునకు పిప్పి పట్టునా?” అని ఆయన నవ్వెను.

తాతగారి మాటలో సగమే నిజము. మిగిలిన సగమును తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

ఆ లోహము టైటానియము. 1952లో స్వీడను దేశమునందలి లుండు నగరమున పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను శాస్త్రజ్ఞుడు, ఎముక ఎట్లు మానునో తెలిసికొనుటకై కుందేలు కాలి యెముకలో టైటానియముతో చేసిన చిన్న పరికరము నొకదానిని అమర్చెను. పని ముగిసిన పిదప దానిని తీయబోగా అది రాలేదు. ఎముక దానిని గట్టిగా పట్టుకొని యుండెను. ఈ సంగతి ఆధారముగా ఆయన 1965లో గోస్టా లార్సన్ అను రోగి దవడలో టైటానియపు దంతమూలములను నాటెను. లార్సన్ 2006లో మరణించువరకు, అనగా 40 ఏండ్లకు పైగా, అవి ఆయనకు ఉపయోగపడెను.

కావున లోహమునకు పిప్పి పట్టదను మాట నిజమే. కాని లోహమును పట్టి యుంచునది ఎముక. ఎముక సజీవమైనది. దానికి శత్రువులు కలరు.

ఆ శత్రువులను మొదట కన్నులార చూచినవాడు హాలండు దేశపు బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. తాను స్వయముగా చేసికొనిన సూక్ష్మదర్శినితో అతడు తన పండ్లపై నున్న పాచిని పరీక్షించి, అందు కదలాడు చిన్న ప్రాణులను గూర్చి 1683లో లండనులోని రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. మానవుల నోళ్ళలో 700కు పైగా జాతుల సూక్ష్మజీవులు కలవని నేటి శాస్త్రజ్ఞులు గుర్తించిరి. వీనిలో అనేకము మనకు హాని చేయవు. తోమక విడిచినచో మాత్రము ఇవి పంటిపై గుంపుగూడి జిగురువంటి పొరగా పేరుకొనును. ఆ పొరయే పాచి. అది గట్టిపడిన గార యగును.

పాచి పన్నని, లోహమని భేదము చూపదు. అది చిగురు అంచున చేరగానే శరీరము దానిపై పోరాటము సాగించును. చిగురు ఎఱ్ఱబారి వాచును, తాకినంతనే రక్తము వచ్చును. మన యెముకలో పాత యెముకను కరగించు కణములును, క్రొత్త యెముకను కట్టు కణములును ఎల్లప్పుడు పనిచేయుచుండును. వాపు చాల కాలము నిలిచినచో కరగించునవి పైచేయి యగును. ఎముక కొంచెము కొంచెముగా తరిగిపోవును.

సహజమైన పంటి విషయమున, వేరు నుండి ఎముకకు, చిగురునకు సన్నని నారలు అడ్డముగా అల్లుకొని కొంత కోటవలె కాపాడును. ఇంప్లాంటు చుట్టును అట్టి గట్టి అల్లిక లేదు. అందుచేత అచ్చట శత్రువు లోనికి దిగుట సులభము. విచిత్రమేమనగా, ఎముక కరగుచున్నను తరచుగా నొప్పి యుండదు. మర కదలునాటికి నష్టము మిక్కిలి యగును.

మన నగర చరిత్రమున దీనికి చక్కని పోలిక కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచినపుడు, అఫ్జల్‌గంజ్ కడ ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. వేళ్ళ చుట్టును మన్ను నిలిచెను గనుక చెట్టు నిలిచెను. మన్ను కొట్టుకొనిపోయినచో ఎంత చేవగల మ్రానైనను ఒరుగక తప్పదు. ఇంప్లాంటునకు ఎముక అట్టి మన్ను.

మరి యేమి చేయవలెను? ప్రతిదినము రెండు పూటల చిగురు అంచువరకు మెత్తని బ్రష్షుతో తోముకొనవలెను. పండ్ల సందులను వానికై చేసిన సన్నని బ్రష్షుతో శుభ్రపరుపవలెను. పొగత్రాగుట మానవలెను. మధుమేహము గలవారు దానిని అదుపులో నుంచుకొనవలెను. వైద్యుడు చెప్పిన గడువునకు తప్పక పరీక్ష చేయించుకొనవలెను. చిగురు మాత్రమే వాచిన దశలో పాచిని తొలగించినచో అది తిరిగి ఆరోగ్యమును పొందును. ఎముక తరిగిన పిదప చికిత్స కష్టతరము. ఆ చింతచెట్టు నిలిచిన అఫ్జల్‌గంజ్ ప్రాంతముననే 1959లో స్థాపింపబడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాలయు, ఆసుపత్రియు కలవు. సైదాబాదువారు చాదర్‌ఘాటు వంతెన దాటి అచ్చటికి పోవచ్చును.

ఇక మన తాతగారి సంగతి. ఒకనాటి ఉదయము ఉమ్మిలో రక్తపు జీర కనబడెను. “నొప్పి లేదుగదా” అని ఆయన ఊరకుండబోగా, మనుమరాలు పట్టుబట్టి వైద్యుని కడకు తీసికొనిపోయెను. ఎక్స్‌రే తీయగా ఒక మర చుట్టు ఎముక కొంత తరిగియుండెను. రెండవదాని చుట్టు చిగురు మాత్రమే వాచియుండెను. వైద్యుడు పాచిని, గారను తొలగించెను. తరిగిన యెముక తిరిగి రాలేదు. కాని ఆ తరుగుదల అంతటితో ఆగెను.

నాటి నుండి తాతగారు మనుమరాలితో కలిసి పండ్లు తోముకొనుచున్నారు. లోహము ఎంత గట్టిదైనను దాని బలము తాను నాటుకొనిన చోటును బట్టి యుండును. ఆ చోటును కాపాడుట ప్రతిదినము మన చేతిలోని పని.