దంతవైద్యపు మంచిచెడ్డలను కొలుచుట ఎట్లు?

కృష్ణానది సముద్రమున కలియు చోటికి చేరువలో, హంసలదీవి ప్రక్కన పాలకాయతిప్ప యున్నది. అచ్చటి మత్స్యకారుడు పంటినొప్పితో కోడూరు, అవనిగడ్డల మీదుగా బందరు పెద్దాసుపత్రికి పోవుటయనగా ఒకనాటి వేటను వదలుకొనుటయే. రేపు రమ్మన్నచో రెండవనాటి వేటయు పోవును. కావున ఆసుపత్రిలో బయటి రోగులకు జరుగు దంతవైద్యము ఎట్టిదో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

ఇందరు వచ్చిరి, ఇన్ని పండ్లు తీసిరి అను లెక్క పని పరిమాణమును తెలుపునే గాని గుణమును తెలుపదు. నిలుపదగిన పన్నును ఊడబెరికినను ఆ లెక్క పెరుగును. వైద్యపు గుణమును వసతులు, చికిత్స జరుగు తీరు, ఫలితము అను మూటిని బట్టి పరిశీలింపవలెనని ఎవెడిస్ డోనబీడియన్ అను పండితుడు 1966లో వివరించెను.

మన దేశమున 2013లో ప్రభుత్వాసుపత్రులకు జాతీయ నాణ్యతా ప్రమాణములు వెలువడినవి. ఒక్కొక్క అంశము పూర్తిగా నెరవేరిన 2, కొంత నెరవేరిన 1, లేకున్న 0 మార్కులు వేయుదురు. పరిశీలకులు కన్నులార చూచి, సిబ్బందిని, రోగులను ప్రశ్నించి, దస్త్రములను తిరుగవేయుదురు.

అయినను ఫలితము ఆసుపత్రి చిట్టాలో పూర్తిగా దొరకదు. మరల రానివాడు బాగుపడెనని తలంపరాదు. దారిఖర్చులు లేక బాధతోనే యింట నుండవచ్చును. ఆ సంగతి గ్రామములోనే తెలియును. కావున చికిత్స పొంది వచ్చినవారిని సభ్యులు ఈ క్రింది విధముగ అడుగవచ్చును:

1. ఎంతసేపు వేచియుంటిరి?
2. పన్ను తీయుటకు ముందు మధుమేహము, రక్తపు పోటు, వాడుచున్న మందులను గూర్చి అడిగిరా?
3. పన్నును నిలుపుకొను మార్గమున్నదో లేదో చెప్పిరా?
4. రెండు వారములు దాటినను మానని నోటిపుండును శ్రద్ధగా పరీక్షించిరా? చుట్ట, పొగాకు వాడువారి విషయమున ఇది ప్రాణముతో కూడిన ప్రశ్న.
5. బాధ తగ్గినదా? ఆ పంటికే మరల పోవలసి వచ్చెనా?

పరికరముల శుభ్రతను గూర్చి సభ్యులే ఆసుపత్రిలో విచారింపవలెను. వేడినీట ముంచి తీసిన చాలదు. ఒక రోగికి వాడినవానిని ఆటోక్లేవు అను ఆవిరియంత్రమున 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కనీసము 15 నిమిషములు ఉంచిన పిమ్మటనే మరియొకరికి వాడవలెను.

పదిమంది మాటలతో తీర్పు చెప్పరాదు. కాని ఒకే లోపము పలువురి నోట వినవచ్చినచో, పేర్లు వెల్లడింపక వ్రాసి ఆసుపత్రి అభివృద్ధి సంఘమునకు అందజేయవలెను. తప్పు పట్టుట కాదు, దిద్దుబాటుకు తోడ్పడుటయే పంచాయతీ కర్తవ్యము.