కణంతో మొదలుపెట్టకు తల్లీ

ఎర్రుపాలెం

చిరంజీవి బుజ్జికి,


నీకు దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం టీచరుగా పోస్టింగు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమైంది. అంత దూరమా అని ఇంట్లో అందరూ బెంగపడుతున్నారట. నీ చదువు అంతకన్నా అక్కరకొచ్చే చోటు ఇంకోటి లేదని నేనంటాను. ఎందుకో చెబుదామనే ఈ ఉత్తరం.

పుస్తకాలన్నీ ఒకే వరసలో చెబుతాయి. కణం, కణజాలం, అవయవం, అవయవ వ్యవస్థ, చివరికి జీవి. పిల్లలు వల్లె వేస్తారు, పరీక్షలో రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, వేసవి సెలవుల్లో మరిచిపోతారు. ఆ వరసలో తప్పేమీ లేదు. చెప్పేటప్పుడు మాత్రం నువ్వు పై నుంచి కిందికి దిగు. ఆ పిల్లల్లో కణాన్ని చూసినవాళ్లు ఎవరూ ఉండరు. కాళ్లు నొప్పులంటూ రాత్రంతా ఏడ్చిన తోటి పిల్లను చూసినవాళ్లు ఉంటారు. అక్కణ్ణించి మొదలుపెట్టు.

నువ్వు వెళ్లే భద్రాచలం ఏజెన్సీలోని ఆదివాసీ కుటుంబాల్లో అలాంటి నొప్పులు తెచ్చే సికిల్ సెల్ జబ్బు ఉందని నీకు తెలుసు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో గుర్తించారు. తర్వాత మధ్య భారతంలోని చాలా అడవి ప్రాంతాల్లోనూ కనబడింది. ఒక జీవి ఎలా కూడుకుని ఉంటుందో చెప్పడానికి ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు.

అడుగున ఏముందో చూడు. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది, వేలిన్ వచ్చి కూర్చుంటుంది. తేడా అంతే. ఈ జబ్బు మూలం అణువులోనే ఉందని లైనస్ పాలింగ్ బృందం 1949లో చూపించింది. తేడా ఫలానా అమైనో ఆమ్లంలోనే అని కొన్నేళ్లకే వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. అయినా ఆ మారిన అణువు ఒక్కదాన్నే తీసుకుంటే అందులో జబ్బేమీ కనబడదు. ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, మోస్తుంది, వదులుతుంది. కానీ ఒక్కో ఎర్ర రక్తకణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు కిక్కిరిసి ఉంటాయి. ఆక్సిజన్‌ను వదిలేశాక ఈ మారిన అణువులు ఒకదానికొకటి అంటుకుని పొడుగాటి పోగులవుతాయి. లోపల పోగులు బిగుసుకుంటే కణం కొడవలిలా వంగిపోతుంది.

వంగిన కణం కూడా ఒంటరిగా ఉంటే ఎవరికీ నొప్పి పెట్టదు. మామూలు ఎర్రకణం మెత్తగా ఉంటుంది, తనకన్నా సన్నని కేశనాళికలోంచి కూడా ముడుచుకుని జారిపోతుంది. కొడవలి కణం బిరుసెక్కి అక్కడే ఇరుక్కుంటుంది, దాని వెనక మరికొన్ని ఆగిపోతాయి. ఆ అడ్డు అవతల ఎముకకూ కండకూ ఆక్సిజన్ అందదు. అప్పుడు పిల్ల ఏడుస్తుంది. పైగా మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. ఎముకల్లోని మూలుగ ఎంత పనిచేసినా ఆ లోటు పూడదు. ఆ పిల్ల మెట్లెక్కితే ఆయాసపడేది, తోటివాళ్లంత ఎదగనిది అందుకే.

ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, ఇక్కడ కొత్తగా ఏమొచ్చింది అని పిల్లల్ని అడుగు. అణువులో లేని బిరుసుతనం కణంలో వచ్చింది. కణంలో లేని అడ్డు రక్తనాళంలో వచ్చింది. నాళంలో లేని నొప్పి బిడ్డకు వచ్చింది. కింది మెట్టులోని వాటిని ఎన్ని కలిపి లెక్కపెట్టినా పై మెట్టు రాదు. అవి ఎలా కలిసి ఉన్నాయి, ఎంత ఇరుకున ఉన్నాయి, దేని పక్కన ఉన్నాయి అన్నదాన్ని బట్టి పై మెట్టు ఏర్పడుతుంది. ఈ ఒక్క సంగతి పిల్లలకు అందితే నిర్వచనాలు వాటంతటవే వస్తాయి.

ఇక హాస్టలు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు. మూత్రపిండం లోపలి భాగంలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పు ఎక్కువ. అక్కడ కణాలు తేలిగ్గా వంగిపోతాయి. దాంతో మూత్రాన్ని చిక్కబరిచే శక్తి ఆ మూత్రపిండానికి చిన్నప్పుడే తగ్గిపోతుంది. అందుకే సికిల్ సెల్ పిల్లలు ఎక్కువ నీళ్లు తాగాలి, మాటిమాటికీ బయటికి వెళ్లాలి, కొందరు పెద్దయ్యాక కూడా రాత్రిళ్లు పక్క తడుపుతారు. నలుగురి మధ్య పడుకునే చోట అదెంత అవమానమో నీకు వేరే చెప్పాలా? క్లాసు మధ్యలో వెళ్తానంటే వెళ్లనివ్వు. పక్క తడిపినందుకు ఎవరైనా కసురుతుంటే నువ్వు అడ్డం పడు. చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, మిట్టమధ్యాహ్నం దాహంతో ఆటలు, రెండూ నొప్పిని రప్పిస్తాయి. వార్డెన్‌తో ముందే మాట్లాడి పెట్టుకో. ఈ పిల్లల్లో ప్లీహం దెబ్బతిని ఉంటుంది కాబట్టి సూక్ష్మజీవులు త్వరగా పైచేయి సాధిస్తాయి. జ్వరమొస్తే తెల్లారనిద్దాం అనుకోవద్దు.

ఈ జబ్బు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని క్లాసులో అడగనే అడగకు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపే ఈ జబ్బు జన్యువు వచ్చినవాళ్లను క్యారియర్లంటాం. వాళ్లు రోగులు కారు, మామూలుగానే బతుకుతారు. పైగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా నుంచి వాళ్లకు కొంత రక్షణ ఉంటుంది. ఈ సంగతి 1954లో ఆంథొనీ అలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా ఉన్న అడవుల్లో ఈ జన్యువు తరతరాలుగా నిలిచింది అందుకే. మా కులానికేదో శాపం తగిలిందని ఏ పిల్లయినా అంటే ఈ మాట చెప్పు. పదో తరగతి ఆడపిల్లలు పెళ్లి సంగతి ఎత్తితే దాటెయ్యకు. ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ జబ్బును రూపుమాపాలని 2023 జులై 1న కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది, 2047 దాకా గడువు పెట్టుకుంది. నలభై ఏళ్ల లోపు వాళ్లకు రక్తపరీక్షలు అందులో భాగమే.

సికిల్ సెల్ పిల్లలకు రోజూ ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రను ఒకసారి చేతిలో పట్టుకుని చూపించు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందమే అమెరికాలో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. మూలుగ కొత్త కణాలు చేయాలంటే అది కావాలి. ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని 1929లో బయటపెట్టిన వాళ్లలోనూ ఆయనున్నారు. మన తెలుగువాడని పొంగిపోయి వదిలేయకుండా, ఆయన వెతికింది ఏ మెట్టులోనో పిల్లల చేత చెప్పించు.

కణాన్ని చూపించాలంటే పిల్లల రక్తం తీయొద్దు. కోడి రక్తం ఒక్క చుక్క చాలు. గాజు పలక మీద పలచగా పరిచి, ఆరనిచ్చి, లీష్మన్ రంగు వేస్తే కోలగా ఉన్న ఎర్రకణాలు కనబడతాయి. ఒక్కోదాని నడుమ ముదురు రంగులో కేంద్రకం ఉంటుంది. పక్కనే మనిషి రక్తం స్లయిడు పెట్టు. గుండ్రటి కణాలు, నడుమ పలచన, కేంద్రకం లేదు. ఎందుకు లేదని వాళ్లే అడుగుతారు. హిమోగ్లోబిన్‌కు చోటు మిగిలిందని, బదులుగా ఆ కణం తనను తాను బాగుచేసుకోలేదని అప్పుడు చెప్పు.

ఆ మెట్లు అంత కచ్చితమైనవి కావని కూడా వాళ్లకు తెలియాలి. మిరప చేలను ముంచే బొబ్బర తెగులు జెమిని వైరస్‌ది, దానికి అసలు కణమే లేదు. పెసర మొక్కను పూతకు ముందు మట్టితో సహా పెకలించి, వేళ్లు కడిగి, ఒక బుడిపెను గోటితో చీల్చి చూపించు. లోపల లేత గులాబీ రంగు. అది లెగ్‌హిమోగ్లోబిన్, మన రక్తంలో ఉన్నదానికి చుట్టమే. బుడిపె మొక్కది, అందులో కాపురముండి గాలిలోని నత్రజనిని పట్టేది రైజోబియం బాక్టీరియా. రెండు జీవులు కలిసి చేసుకున్న అవయవాన్ని ఏ మెట్టు మీద పెడతారో పిల్లల్నే తేల్చమను. గోలగోలగా వాదించుకోనివ్వు.

మనిషి రక్తం స్లయిడ్లు నాలుగు, నా పాత చేతి లెన్సు తమ్ముడితో పంపుతున్నాను. స్లయిడ్లను మైక్రోస్కోపు వంద రెట్ల లెన్సు కింద చూసేటప్పుడు నూనె చుక్క వేయాలి, చూడటం అయిపోగానే లెన్సును మెత్తటి కాగితంతో తుడిపించు. చేరిన వారంలోనే అక్కడి పీహెచ్‌సీ డాక్టరు గారిని కలిసి, రాత్రిపూట నొప్పి వస్తే పిల్లను ఎక్కడికి తీసుకెళ్లాలో అడిగి రాసిపెట్టుకో.

ఇట్లు,
మీ పెదనాన్న