మాటలు కలిస్తే మారే ధ్వనులు

పిల్లలూ! రంగు కాగితాన్ని మడిచి పడవలు, పక్షులు చేసే విద్య పేరు ఒరిగమి. ఇది జపాను భాషలోని మాట. "ఒరి" అంటే మడవడం, "కమి" అంటే కాగితం. రెండూ కలిస్తే "ఒరికమి" కావాలి కదా! మరి "ఒరిగమి" ఎందుకయింది?

జవాబు మన ఇంట్లోనే ఉంది. తల్లి, తండ్రి అనే మాటలను కలిపి మనం "తల్లిదండ్రులు" అంటాం. రెండో మాట మొదట ఉన్న "త", "ద"గా మారింది. అలాగే కూర, కాయ కలిసి "కూరగాయ" అవుతుంది. క, చ, ట, త, పలు ఇలా గ, స, డ, ద, వలుగా మారడాన్ని గసడదవాదేశ సంధి అంటారు.

జపాను భాషలో ఇటువంటి మార్పును "రెందకు" అంటారు. ఈ మాటలు చూడండి:

తె (చేయి) + కమి (కాగితం) = తెగమి (ఉత్తరం)
తొకి (సమయం) + తొకి = తొకిదొకి (అప్పుడప్పుడు)
హన (పువ్వు) + హి (నిప్పు) = హనబి (బాణసంచా)

నిప్పుపువ్వులు ఎంత చక్కని పేరు! మన కాకరపువ్వొత్తిలోనూ పువ్వు ఉంది. ఇక "హ" "బ"గా ఎందుకు మారిందంటారా? పూర్వం జపానువారు ఆ "హ"ను "ప" అని పలికేవారు. ప, బలు రెండూ పెదవులతో పలికేవే.

ఈ మార్పు అన్నిచోట్లా జరగదు. "హరు" అంటే వసంతం, "కజె" అంటే గాలి. రెండూ కలిస్తే "హరుకజె" అనే అంటారు, "హరుగజె" అనరు. "కజె"లో ముందే "జ" ఉంది. రెండో మాటలో గ, జ, ద, బ వంటి ధ్వని ముందే ఉంటే సాధారణంగా మార్పు రాదు. 18వ శతాబ్దంలోనే జపాను పండితుడు మొతొఒరి నొరినగ దీనిని గమనించాడు. తరువాత అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ స్మిత్ లైమన్ 1894లో దీనిని గురించి రాశాడు. అందుకే దీనికి లైమన్ సూత్రమని పేరు వచ్చింది.

ఒక్క ధ్వని మారితే అర్థమే మారవచ్చు. "యమ" అంటే కొండ, "కవ" అంటే ఏరు. "యమకవ" అంటే కొండలూ ఏరులూ. "యమగవ" అంటే కొండల్లో పారే ఏరు. "కొండా, ఏరూ" అని రెండింటినీ విడివిడిగా చెప్పేటప్పుడు జపానువారు ధ్వనిని మార్చరు. మనమో, "తల్లీ, తండ్రీ" అని చెప్పేటప్పుడే మారుస్తాం! మార్పు ఒకటే, వాడుక వేరు.

సంధి కష్టమని ఎప్పుడైనా అనిపిస్తే, జపాను పిల్లలను తలచుకోండి. వారూ ఇటువంటి మాటలను పెద్దల నోట విని, పలికి నేర్చుకుంటారు. మీరూ ఇంట్లో పెద్దల మాటలను చెవియొగ్గి వినండి.

అభ్యాసం

1. అన్న, తమ్ముడు అనే మాటలను కలిపి రాయండి. ఏ ధ్వని మారింది?
2. "యమకవ", "యమగవ" మాటలకు అర్థభేదం ఏమిటి?
3. "హరుకజె"లో "క" ఎందుకు మారలేదు?
4. అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి, ఇలా ధ్వని మారే తెలుగు మాటలు మూడు సేకరించండి.