శాలువాల జాబితా అడిగావు కదా

సూర్యాపేట,
2026 జనవరి

చి. బుజ్జికి,

రిపబ్లిక్ డే నాడు పంచాయతీ ఆఫీసు ముందు జెండా ఎగరేశాక, ఊరి కోసం పాటుపడ్డవాళ్ళకు శాలువాలు కప్పుదామనుకుంటున్నామని, ఎవరెవరికి కప్పితే బాగుంటుందో చెప్పమని మొన్న ఫోన్లో అడిగావు. వార్డు మెంబరుగా గెలిచి నిండా రెండు నెలలు కాలేదు, అప్పుడే నీ మెడలో పడ్డ దండలు పక్కన పెట్టి ఊళ్ళోవాళ్ళ కష్టం గురించి ఆలోచించావు. నాకు చాలా సంతోషమైంది. ఫోన్లో చెబితే సగం మాట గాలికి పోతుందని ఇలా రాస్తున్నాను.

శాలువా కప్పు, వద్దనను. తెల్లవారకముందే చీపురు పట్టే సఫాయి అక్కకు, కరోనా రోజుల్లో ఇల్లిల్లూ తిరిగిన ఆశా వర్కరుకు ఆ మర్యాద దక్కాల్సిందే. కానీ ఊరి పాలనలో ఒక మనిషికి పాలుందని ఒప్పుకోవడానికి శాలువా చాలదు. ఆ మనిషి చెప్పిన మాట తీర్మానాల పుస్తకంలోకి పేరుతో సహా ఎక్కాలి. ఆ మాట ఏమైందో తర్వాతి సభలో నలుగురి ముందు చెప్పాలి. ఈ ఉత్తరం రాసేది ఆ సంగతి కోసమే.

నేనుండే ఈ సూర్యాపేటనే చూడు. 2003 ప్రాంతంలో చెత్తకుండీలు లేని పట్టణమని దేశమంతా మన ఊరి పేరు చెప్పుకుంది. ఇంటింటికీ తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకునేవాళ్ళు. తడిది వానపాముల ఎరువయ్యేది, పొడిది అమ్మకానికి పోయేది. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ గారి పట్టుదల వల్లనే అది జరిగింది. ఆయన పేరు రిపోర్టుల్లో నిలిచింది, నిలవాల్సిందే. అయితే ఆ పనికి కావాల్సిన ట్రాక్టర్లలో కొన్నింటిని బ్యాంకు అప్పు చేసి కొని మున్సిపాలిటీకి నడిపింది పొదుపు సంఘాల ఆడవాళ్ళు. అప్పు కాగితం మీద సంతకం పెట్టడమంటే ఏమిటో నీకు తెలుసు. కిస్తీ కట్టలేకపోతే బ్యాంకువాళ్ళు వచ్చి నిలబడేది వాళ్ళ గడప ముందే. ఇప్పుడు చదివితే ఆ కథలో వాళ్ళు 'మహిళా సంఘాలు' అనే రెండు మాటలుగా మిగిలారు. ఆఫీసరు ఎంత మంచివాడైనా బదిలీ మీద పోతాడు. ఊళ్ళో ఉండిపోయేది వాళ్ళు, పని తెలిసిందీ వాళ్ళకే. వాళ్ళ పేర్లు పుస్తకంలో ఉంటే, తర్వాత వచ్చిన కమిషనరు ఎవరిని పిలిచి అడగాలో తెలుసుకునేవాడు.

ఇంకా వెనక్కి వెళ్తే సంఘం రోజులు. మన సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల్లో ఆంధ్ర మహాసభను జనం సంఘమనే పిలిచారు. వెట్టి మాన్పించింది, తగాదాలు తీర్చింది, దొరల భూములు పంచింది ఊరూరా వెలిసిన గ్రామ కమిటీలే. అదీ ఒక పంచాయతీయే, సర్కారు పెట్టింది కాదు. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం లాంటివాళ్ళ పేర్లు మనందరికీ తెలుసు. దళాలకు అన్నం మోసినవాళ్ళు, చీటీలు చేరవేసినవాళ్ళు, రాత్రంతా కాపలా కాసినవాళ్ళు ఎవరు? తెలంగాణ సాయుధ పోరాటం విరమించింది 1951లో. అందులోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి, వాళ్ళ నోటి మాటగా స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చింది 1986లో. మధ్యలో ముప్పై అయిదేళ్ళు. అప్పటికి ఎందరు కాలం చేశారో! పని జరిగిన నాడే పేరు రాసుకోవాలని నేను పట్టుబట్టేది అందుకే.

ఇప్పుడు మీ గ్రామసభ సంగతికి వస్తాను. చట్టం నీకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలి. జరపకుండా వదిలేస్తే సర్పంచు పదవికే ముప్పు. వెయ్యి దాటి మూడు వేల లోపు ఓటర్లున్న ఊళ్ళో కోరం 150 మంది. ఆ 150 ఎలా నిండుతుందో నువ్వు కళ్ళారా చూసి ఉంటావు. సభ మొదలు కాకముందే పుస్తకం చేతులు మారుతుంది. సంతకం వచ్చినవాళ్ళు గొలుసు సంతకం పెడతారు, రానివాళ్ళ వేలిని స్టాంపు ప్యాడ్ మీద అద్ది పేరు పక్కన నొక్కిస్తారు. ఒక ముసలమ్మ వేలి సిరా కొంగుకు తుడుచుకుంటూ ఎండలో నిలబడి, తన వాడలో మోరీ పూడిపోయిందని, వానొస్తే నీళ్ళు ఇంట్లోకి వస్తున్నాయని చెబుతుంది. అందరూ వింటారు, సెక్రటరీ కూడా తలూపుతాడు. సాయంత్రం పుస్తకం తెరిస్తే ఒకే వాక్యం కనబడుతుంది: గ్రామ సమస్యలపై చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ఆమె వేలిముద్ర ఉంది, ఆమె మాట లేదు. మళ్ళీ సభకు ఆమె ఎందుకు రావాలి? జనం రావడం లేదని మైకులో నిష్ఠూరమాడేవాళ్ళు ముందు ఆ పుస్తకం చదవాలి.

జనానికి సభలంటే విసుగని అనుకోకు. నిరుడు జనవరి 21 నుంచి 24 దాకా రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళ జాబితాలు చదివిన గ్రామసభలు గుర్తున్నాయా? అప్పుడు సర్పంచులే లేరు, ప్రత్యేకాధికారుల పాలన. అయినా తెలంగాణ అంతటా జనం విరగబడి వచ్చారు, పేరు లేనివాళ్ళు నిలదీశారు. కాగితంలో ఉన్నది పైకి చదివితే, అది తమ బతుకును మార్చేదైతే, మనుషులు కూలి పోగొట్టుకునైనా వస్తారు.

ఉపాధి హామీ సామాజిక తనిఖీలు ఇదే రుజువు చేశాయి. 2006లో పథకం మొదలైన తొలి జిల్లాల్లో మన ఉమ్మడి నల్లగొండ ఒకటి. మస్టర్లు పట్టుకుని ఊరి పిల్లలే ఇల్లిల్లూ తిరిగి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత కూలి ముట్టిందా అని అడిగేవాళ్ళు. ఆ లెక్క గ్రామసభలో, ఆ పైన మండలంలో ప్రజావేదిక మీద చదివేవాళ్ళు. రాసింది ఒకటి, ఇచ్చింది ఒకటి అని కూలీ లేచి చెబితే అధికారి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. అన్ని చోట్లా డబ్బు తిరిగి రాలేదు, నిజమే. కానీ కూలి చేసుకునే మనిషి మాట సర్కారు కాగితంతో సమానంగా నిలబడింది. నేను చూసిన గుర్తింపుల్లో దానికి మించింది లేదు.

మీ ఊరిది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు కాబట్టి ఇంకో మాట. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాలు పెట్టారు. ఆ ఏడాది జూన్‌లో పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిగాయి. మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా తూముల దగ్గర అదే ముచ్చట. రైతే కాలువను చూసుకోవాలన్న ఆలోచన చాలా గొప్పది. కానీ ఓటు భూమి రికార్డుల్లో పేరున్నవాళ్ళకు. పట్టా ఎక్కువగా మగవాళ్ళ పేరు మీద ఉంటుంది గనుక, నాట్లేసే ఆడవాళ్ళకు అక్కడ చోటు లేకపోయింది. కాలువ చివరి మడికి నీళ్ళు ఏ రాత్రి వస్తాయో, ఎవరు అడ్డం కడతారో తెలిసింది వాళ్ళకూ, కౌలుకు చేసుకునేవాడికీ, కాలువ చూసుకునే లష్కరుకూ. తెలిసినవాళ్ళు బయట, ఓటున్నవాళ్ళు లోపల. మీ పంచాయతీ పనుల జాబితా రాసేటప్పుడు ఆ పొరపాటు జరగనివ్వకు. కౌలు రైతును పేరు పెట్టి పిలిచి అడుగు.

వడ్లు కొనే ఐకేపీ సెంటర్ నడిపే పొదుపు సంఘం ఆడవాళ్ళను చూశావు కదా. తేమ చూడటం, తాలు పట్టించడం, గోనె సంచుల లెక్క, కాంటా, లారీ రాకపోతే మిల్లువాళ్ళతో మాట్లాడటం, అంతా వాళ్ళే. ఊరి వడ్లన్నీ వాళ్ళ చేతుల మీదుగా పోతాయి. అంత లెక్క చూడగలవాళ్ళు గ్రామసభలో వెనక చాప మీద కూర్చుని ఎందుకు మౌనంగా ఉంటారు? చట్టం పంచాయతీకి ముగ్గురు కోఆప్షన్ సభ్యులను ఇచ్చింది, అందులో ఒకరు ఆ సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు. ఆ కుర్చీ ఖాళీగా ఉంచకండి. పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మొక్కలు, పనులు అని నాలుగు స్థాయీ సంఘాలు కూడా ఉంటాయి, వాటిలో ఊరివాళ్ళను పెట్టుకోవచ్చు. పట్నాల్లోనూ 2019 మున్సిపల్ చట్టం వార్డుకు యువకులు, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు చెప్పింది. సూర్యాపేటైనా, కోదాడైనా, మిర్యాలగూడైనా, కమిటీలో ఎవరున్నారో వీధిలోవాళ్ళకే తెలియకపోతే ఆ కమిటీ ఉన్నా లేనట్టే.

సభ వేళ కూడా చూసుకో. పొద్దున పదకొండింటికి పెడితే కూలికి పోయేవాళ్ళు ఎలా వస్తారు? నాట్లప్పుడు, కోతలప్పుడు పొద్దుగూకాక పెట్టమని సర్పంచును అడుగు. కుర్చీలు కొందరికి, నేల కొందరికి అయితే మాట కూడా అలాగే పంపకమవుతుంది. అందరికీ చాపలు పరిపించు. ఇంకొకటి మొహమాటం లేకుండా చెబుతాను. మీ నాన్న నా తోడబుట్టినవాడు, బంగారంలాంటి మనిషి. అయినా నీ కుర్చీలో ఆయన్ను కూర్చోనీయకు, నీ మాట ఆయన్ను చెప్పనీయకు. నిన్ను చూసే మిగతా ఆడపిల్లలు నోరు విప్పుతారు.

చెప్పిన మాట ఏమైందో తర్వాతి సభలో చెప్పాలన్నాను కదా, దానికి ఉదాహరణగా బ్రెజిల్‌లో పోర్టో అలెగ్రే అనే నగరం ఉంది. 1989 నుంచి అక్కడ పేటల్లో జనం కూడి, నగరం డబ్బులో కొంత దేనికి ఖర్చు పెట్టాలో వాళ్ళే చెప్పేవాళ్ళు. ప్రతి ఏడూ కొత్త కోరికలు అడగకముందు, పోయిన ఏడు ఒప్పుకున్న పనుల్లో ఏవి చేశారో, ఏవి చెయ్యలేదో నగరపాలకులు జనం ముందు చెప్పుకోవాల్సి వచ్చేది. మురికివాడల్లోని పేదలు ఆ సభలకు రావడానికి ఆ ఒక్క నియమం చాలా పనిచేసిందని నా నమ్మకం.

నువ్వు వార్డు మెంబరువే. చెక్కు మీద సంతకం సర్పంచు, ఉపసర్పంచులది, నీది కాదు. దానికి చిన్నబోకు. నీ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకో. నీ వార్డులో ఎవరు ఏమి అడిగారో పేరు, తేదీతో రాయి. సభలో ఆ మాట యథాతథంగా తీర్మానంలో రాయమని అడుగు. రాశాక సెక్రటరీ చేత పైకి చదివించు. కాని పని కాదని చెప్పు, ఎందుకు కాదో కూడా చెప్పు. మోరీకి డబ్బు లేదంటే ఆ ముసలమ్మ అర్థం చేసుకుంటుంది. జవాబే రాకపోతే మాత్రం ఎప్పటికీ మరచిపోదు. ఎవరైనా చిరాకు పడితే పడనివ్వు. తీర్మానం నకలు అడగడం నీ హక్కు. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది.

ఇక శాలువాల జాబితా నేను పంపను. సూర్యాపేటలో కూర్చుని మీ ఊళ్ళో ఎవరు గొప్పవాళ్ళో నేను తేల్చడం న్యాయం కాదు. వాడవాడకూ వెళ్ళి అడుగు, ఊరే చెబుతుంది. చెప్పిన పేర్లు, వాళ్ళు చేసిన పని పుస్తకంలో రాయించి, ఆ తర్వాత కప్పండి. జనవరి 26న జెండా ఎగరేశాక, మిఠాయి పంచకముందు, ప్రత్యేకాధికారి హయాంలో రాసిన పాత తీర్మానాలు మొదటి నుంచీ చదివించమని సర్పంచును నువ్వే లేచి అడుగు.

ఇట్లు,
మీ అత్తమ్మ